ఇంగోతూరి

మొన్న సాయంత్రం మా ఎదురింటి కోడలు కొడుకును చంకనేసుకుని, ఫోను పట్టుకుని గబగబా వచ్చి, చూడండత్తా, కొత్తగా ఏదో కనిపెట్టారట అంటూ నా కళ్ళద్దాల ముందు పెట్టింది. ఆ అమ్మాయిది విజయవాడ వైపు, పెళ్ళయ్యాక మా హిందూపురం వచ్చింది. మూడేళ్ళ కొడుకు ఇంకా నోరు విప్పలేదని బెంగళూరు తీసుకెళితే డాక్టర్లు ఆటిజం అన్నారు, అప్పటినుంచీ పాపం ఆ పిల్ల ఫోనులో ఏవేవో వెతుక్కుంటూనే ఉంది. అందులో ఒక తెల్లటి గది, ఆ గదిలో ఒక చదువుకున్న అమ్మాయి ఒక పసిదాన్ని దుప్పట్లో చుట్టి, మెత్తగా ఒత్తి, విప్పి, ఉన్నట్టుండి ఆపేసి, పిల్ల మొహంలోకి చూస్తూ ఊరికే కూర్చుంది. పిల్ల కళ్ళెత్తి ఆమె వైపు చూసింది. వెంటనే మళ్ళీ చుట్టడం మొదలు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. ఎందుకంటే ఇదే ఆట మేము పాతికేళ్ళకు పైగా కిందట పరిగి రోడ్డులోని మా పరుపుల అంగట్లో, దూది దుమ్ములో, వచ్చేపోయే వాళ్ళ కళ్ళముందే ఆడాం. ఆడినందుకు మమ్మల్ని పిచ్చివాళ్ళన్నారు. అన్నవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు గనుక సరిపోయింది, లేకపోతే ఆ ఫోను ఇంటింటికీ తీసుకెళ్ళి చూపించి వచ్చేదాన్ని.

మాది దూదేకుల ఇల్లు. పండగకు సేమ్యాలు, శుక్రవారం నమాజు, మిగతా మాటా పోట్లాటా అంతా తెలుగే. మా ఇంటాయన తాతల నాటినుంచి పరుపుల పని. అంగట్లో దూలానికి వేలాడదీసిన పెద్ద విల్లు ఉండేది, దాని నరం మీద కొయ్యగుండుతో కొడితే టంయ్‌మని మోగుతూ, ముద్దలు కట్టిన దూదిని పొగలా లేపేది. మా తరం వాళ్ళకు ఆ మోత చెవుల్లో ఇంకా ఉండే ఉంటుంది, వేసవిలో ఆ విల్లు భుజాన వేసుకుని వీధుల్లో తిరిగే వాళ్ళను మీరూ పిలిచి పాత పరుపు ఏకించుకుని ఉంటారు. ఇప్పటి వాళ్ళకు చెబితే అదేదో వాయిద్యమనుకుంటారు. మా పాపకు మటుకు అది వాయిద్యమే.

పాప మాకు ఒక్కతే. మూడేళ్ళు నిండినా ఒక్క మాట లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు, చెవుడేమో అనుకుందామంటే నాలుగు గదుల అవతల విల్లు మోగితే పరుగెత్తుకుంటూ వచ్చేది. కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుని ఏడ్చేది. తినేది బొరుగులు మాత్రమే, అవీ ఉప్పు బొరుగులు, అందులో పప్పులు కలిపితే గిన్నె విసిరికొట్టేది. ఏదైనా కావాలంటే నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళి, నా చేతిని ఆ డబ్బా మీద పెట్టేది, నా మొహం వైపు మాత్రం చూసేది కాదు. దానికి నేనంటే ఒక చెయ్యి, అంతే. ఆ సంగతి నన్ను ఎంత కోసేదో చెప్పలేను. అన్నిటికన్నా ఇష్టం పరుపుల కింద దూరడం. పేర్చిపెట్టిన పరుపుల మధ్య సందులోకి దూరి, పైన బరువు పడితే కళ్ళు మూసుకుని హాయిగా పడుకునేది. మా అత్త చూసినప్పుడల్లా కాళ్ళు పట్టి బయటికి లాగేది. ఊపిరాడక చస్తుందని ఆమె భయం, ఆ భయంలో తప్పేమీ లేదు గాని, లాగిన ప్రతిసారీ పిల్ల నేలకు తల బాదుకునేది.

చెప్పని వాళ్ళు లేరు. కొట్టి మాన్పించమన్నారు కొందరు. నాలుక కింద నరం కోయించమన్నారు. పెనుకొండలో మా అమ్మ, కొండ కింద దర్గాలో తాయెత్తు కట్టిస్తే మాట వస్తుందని రైల్లో రప్పించుకుంది. కట్టించాను, అందులో నాకేం నామోషీ లేదు. తాయెత్తు వల్ల మాట రాలేదు గాని, ఆ ప్రయాణంలో అమ్మ తన పాత చీరలన్నీ పొరలు పొరలుగా వేసి కుట్టిన ఒక బొంత ఇచ్చింది. ఎత్తితే చెయ్యి లాగేంత బరువు. పాప దాన్ని చూసిన వెంటనే కింద దూరి, మళ్ళీ తిరుగు రైలెక్కేదాకా బయటికి రాలేదు.

మా ఇంట్లో చివరి మాట మా బావది. మా ఇంటాయనకు అన్న, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం, మా మామ పోయినప్పటినుంచి పెళ్ళికైనా పంపకానికైనా ఆయన తల ఊపితేనే. చెడ్డవాడు కాదు. ఆడపిల్ల, మాట లేదు, మీరిద్దరూ పోయాక దీని గతేమిటి అని ఆయన భయం. బెంగళూరు దగ్గర ఇలాంటి పిల్లలను ఉంచుకునే ఆశ్రమం ఒకటి ఉందని ఎవరో చెబితే, వెళ్ళి చూసి వచ్చి, బడులు తెరిచే నాటికి అక్కడ చేర్చేద్దాం అని తేల్చేశాడు. నేను తలుపు వెనకనుంచి కాదు, ఎదురుగా వచ్చి నిలబడి పంపను అన్నాను. మా కొంపలో కోడలు బావకు ఎదురు మాట చెప్పడం అదే మొదలు. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన కోప్పడలేదు. నిదానంగా అన్నాడు: "సరేమ్మా. ఆలోపల బిడ్డ నోరు తెరిచి ఏదన్నా ఒగటి అడగనీ. నీళ్ళు గావాలనో, అమ్మ గావాలనో. అడిగితే ఈడ్నే ఉండనీ. అడగల్యాకపోతే మాత్రం నువ్వు నా మాట వినల్ల."

అదీ మా పందెం. ఒక్క మాటకు ఒక బిడ్డ.

ఆ రోజుల్లోనే మా ఊళ్ళో ఇలాంటి పిల్లల కోసం గవర్నమెంటు వాళ్ళు ఒక క్యాంపు పెట్టారు. అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ, ఇరవై అయిదేళ్ళు కూడా ఉండవు, మా పాపను చూసి ఏ బొమ్మల కార్డులూ తియ్యలేదు. ఇంటికి వస్తాను, పాప ఏం చేస్తుందో చూస్తాను అంది. వచ్చి అంగట్లో దూది మీద చతికిలబడి, పాప పరుపుల సందులోకి దూరుతుంటే చూస్తూ కూర్చుంది. మా అత్త లాగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత ఆమె చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇన్నాళ్ళూ అందరూ ఈ ఇష్టాన్ని మాన్పించమన్నారు గదా, మీరు మాన్పించకండి, అందులోకి మీరే దూరండి. తనంతట తాను దూరే ఆట మీ చేతులమీదుగా జరిగేట్టు చెయ్యండి. బాగా రుచి తగిలిన చోట ఆపండి. ఆపి, అడుగు అనకండి, చెప్పు అనకండి, ఊరికే మొహం చూస్తూ ఉండండి. చూసినా సరే, చెయ్యి చాపినా సరే, కూత వేసినా సరే, అది అడిగినట్టే, వెంటనే ఆట ఇచ్చెయ్యండి. ఇంత తేలికా అనుకున్నాను. చేసి చూస్తే తెలిసింది, నోరు మూసుకుని ఎదురుచూడటమంత కష్టమైన పని లోకంలో ఇంకొకటి లేదని.

మర్నాటినుంచి అమ్మ ఇచ్చిన బొంత అంగడి నడుమ పరిచాం. పాపను అంచున పడుకోబెట్టి, తల బయటికి ఉంచి, మా ఇంటాయన చుట్టో చుట్టు, చుట్టో చుట్టు అంటూ చుట్టేవాడు, దూది కూరేటప్పుడు పరుపును ఒత్తినట్టే రెండు చేతులా ఒత్తేవాడు, దొర్లో దొర్లు అంటూ విప్పేసేవాడు. విప్పగానే "ఇంగోతూరి!" అని అరిచి మళ్ళీ మొదలుపెట్టేవాడు. పిల్ల కిలకిలా నవ్వేది. ఆ నవ్వు మేము అంతకుముందు వినలేదు. అయితే ఆపడం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు చేతకాదు. అయిదు నిమిషాలు దూది ఏకమంటే అలుపు లేదు గాని, అయిదు లెక్కపెట్టేదాకా ఆగమంటే ప్రాణం పోయేది. నేను పక్కన కూర్చుని ఆయన తొడ గిల్లేదాన్ని. ఆయన కుయ్‌మనేవాడు. పిల్ల మా ఇద్దరినీ చూసి ఇంకా నవ్వేది, చూశారా, చూసేది! మొదట బొంతను చూసింది. కొన్నాళ్ళకు నాయన చేతులను చూసింది. ఆ తర్వాత ఒకరోజు, చేతులనుంచి మెల్లగా పైకి, గడ్డం మీదుగా, కళ్ళలోకి చూసింది. ఆయన చుట్టడం మరిచిపోయి ఏడుస్తూ కూర్చుంటే మళ్ళీ నేనే గిల్లాల్సి వచ్చింది.

వీధిలో వాళ్ళకు అది తమాషా. పిల్ల బుద్ధి మందమైతే అమ్మానాయనలకూ మందమైందే అన్నారు. కొత్త పరుపు కొనడానికి వచ్చినవాళ్ళు, ఆ పిల్ల దొర్లిన పరుపు మాకొద్దు అని పక్క అంగడికి పోయిన సందర్భాలున్నాయి. పోతే పోనీ అన్నాను. వాళ్ళ పడకల కోసం నా బిడ్డ ఆట ఆపాలా?

ఒక మధ్యాహ్నం చిలమత్తూరు నుంచి ఒకాయన కూతురి పెళ్ళికి పరుపులు బేరం చేస్తున్నాడు. మా ఇంటాయన ఒక చేత్తో ఆయనకు గుడ్డ చూపిస్తూ, ఇంకో చేత్తో బొంత విప్పి, బేరంలో పడి పాపను మరిచిపోయాడు. ఈసారి ఎవరూ కావాలని ఆపింది కాదు. బొంత మీద పడుకున్న పిల్ల, నాయన పంచె అంచు పట్టుకుని లాగి, పైకి చూసి, స్పష్టంగా "తూరి" అంది.

మా ఇంటాయన చేతిలో గుడ్డ వదిలేసి మోకాళ్ళమీద కూర్చుని చుట్టడం మొదలుపెట్టాడు. "ఏమప్పా, బేరం నడుమ ఈ ఆటేందప్పా?" అని ఆయన విసుక్కుంటే, మా ఇంటాయన తలెత్తకుండానే, "రేప్పొద్దున రాప్పా, పరుపు ఊరికే ఇస్తా. నా బిడ్డ మాట్లాడినాది" అన్నాడు. ఆ చిలమత్తూరాయన మరునాడు వచ్చి, ఊరికే వద్దని బేరం ఆడకుండా తీసుకుపోయాడు. అలాంటి వాళ్ళూ ఉంటారు.

ఇక ఆ మాట ఆగలేదు. బొరుగులు అయిపోతే తూరి. విల్లు ఆగితే తూరి. కరెంటు పోతే ఆరిపోయిన బల్బు కేసి చూసి తూరి. టీచరమ్మ వచ్చి వెళుతుంటే గుమ్మం పట్టుకుని తూరి. ఒక్క మాటతో దానికి లోకమంతా పనికొచ్చింది. మేము ధర్మవరం కబురు పంపాం, పాప అడిగింది, పందెం గెలిచాం అని. అయితే మా అత్త అంతకుముందే, ఏదో తూతూ అని కూస్తాంది అని చెప్పింది కాబోలు, బావ నమ్మలేదు. కన్నతల్లికి అన్నీ మాటల్లాగే వినిపిస్తాయి, ఆశ్రమం వాళ్ళు రమ్మన్న రోజు దగ్గరపడింది, వాళ్ళే చూసి చెబుతారు, బయలుదేరండి అన్నాడు. మా ఇంటాయన రానన్నాడు. పాప లేకుండా తిరిగొచ్చే రైల్లో నేను కూర్చోలేను అన్నాడు. అలా బావా, నేనూ, పాపా బెంగళూరు వెళ్ళాం. బట్టల సంచీలో పాప గౌన్లన్నీ సర్దమన్నారు. నేను ఒక్కటే పెట్టాను.

ఆశ్రమం శుభ్రంగానే ఉంది, ఉన్నమాట చెప్పాలి. ఆఫీసు గదిలో ఒక పెద్దావిడ, మర్యాదగానే మాట్లాడింది, కన్నడమూ ఇంగ్లీషూ. తెలుగు రాదు. మా బావకు కన్నడం మంచినీళ్ళు, నాకూ వింటే అర్థమవుతుంది. వాళ్ళిద్దరూ మాట్లాడుతుంటే పాప నేలమీద పరిచిన జంపఖానా చూసింది. అంచు దగ్గర పడుకుని, దాన్ని చేత్తో పట్టుకుని తనమీదికి లాక్కుని దొర్లబోయింది. సగం చుట్టుకుని ఆగిపోయింది. అటు చూసింది, ఇటు చూసింది, నాయన లేడు. అప్పుడు కుర్చీలో కూర్చున్న బావ మొహంలోకి చూసి "తూరి" అంది. నేను లేవబోయి, ఆగాను. నన్ను కాదు గదా అడిగింది.

ఆవిడ పాపను జాలిగా చూసి కన్నడంలో చెప్పింది. ఈ పిల్లలు ఇలా అర్థం లేని శబ్దాలు పదేపదే చేస్తారట, ముందు దీన్ని మాన్పించాలట, తర్వాత మొదటినుంచి మాటలు నేర్పిస్తారట, అదీ ఇంగ్లీషులోనే, ఒకే భాష అయితే తికమక ఉండదట. నాకు నోరు పెగిలేలోపలే కుర్చీ కిర్రుమంది. మా బావ లేచి నిలబడ్డాడు. కన్నడంలోనే మొదలుపెట్టాడు గాని, కోపం వచ్చేసరికి తెలుగులోకి మారిపోయాడు.

"అర్థం ల్యాని శబ్దమా? మా నాయన మంచంలో పడి, పోయే ముందర నన్ను పిలిచి అడిగిన మాట తల్లీ అది. ఒగతూరి వచ్చి పోరా అని. ఇంగోతూరి చుట్టమని అడుగుతాండాది బిడ్డ. నీకు తెలీకపోతే తెలీదను. అర్థం ల్యాదనొద్దు!"

ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ధర్మవరంలో నలుగురూ లేచి నిలబడే మనిషి, ఇస్త్రీ మడత నలగని తెల్ల పంచె ఎగ్గట్టి, ఆ ఆఫీసు గదిలో నేలమీద కూర్చుని, పాపను జంపఖానాలో చుట్టడం మొదలుపెట్టాడు. ఆయనకు చుట్టో చుట్టు పాట తెలియదు. పట్టుచీర మడత పెట్టినట్టు ఎంతో జాగ్రత్తగా, మాట లేకుండా చుట్టాడు. విప్పాడు. పాప నవ్వింది. మళ్ళీ తూరి అంది. మళ్ళీ చుట్టాడు. నేను గోడకు ఆనుకుని ఏడుస్తూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను.

పాపతోనే తిరుగు రైలెక్కాం. హిందూపురం స్టేషన్లో మా ఇంటాయన పొద్దుననగా వచ్చి కూర్చున్నాడట, పాపను దింపుతుంటే పరుగెత్తుకొచ్చి రెండు చేతులా అందుకున్నాడు. బావ ధర్మవరం దాకా పోవాలి గనుక దిగలేదు. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి తల బయట పెట్టి, "చూడుమ్మా, ఇంగోతూరి ఆ ఆశ్రమం మాట నా ముందర ఎత్తితే బాగుండదు!" అని నన్ను గద్దించాడు. ఎత్తింది తనే! మరి నేనూ తలొంచుకుని అట్లాగే బావా అన్నాను.

ఆ తర్వాత పాపకు బొంత అనే మాట వచ్చింది, నాయన వచ్చింది, అమ్మ చాలా ఆలస్యంగా వచ్చింది, దానికి నాకు కొంచెం కినుక ఇప్పటికీ ఉంది. వద్దు అనే మాట వచ్చిన రోజు నేను సేమ్యాలు వండి వీధిలో పంచాను. వద్దు అన్నందుకు పండగేమిటని నవ్వారు. అడగడం ఎంత ముఖ్యమో కాదనడమూ అంతే ముఖ్యమని, ముఖ్యంగా ఆడపిల్లకు, వాళ్ళకు నేను వివరించలేదు. బడి మాత్రం సాగలేదు, గట్టిగా పాఠం చెప్పే ఆ గదుల్లో అది కూర్చోలేకపోయింది. గలగలా మాట్లాడే మనిషీ కాలేదు, అలా అవుతుందని నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ముప్పై దాటింది, ఇంకా దూది పరుపు అడిగేవాళ్ళ కోసం, దూది జరక్కుండా గుబ్బలు కుడుతుంది, ఒక్క వరస వంకర పోదు, కుక్కరు కూతకు ఇప్పటికీ చెవులు మూసుకుంటుంది. నాకు అలాగే ఇష్టం.

మూడేళ్ళ కిందట మా ఇంటాయన పోయాడు. స్నానం చేయించి, తెల్లటి కఫన్ గుడ్డ చుట్టి, మొహం మాత్రం కనబడేట్టు ఉంచి, ఆడవాళ్ళను ఆఖరి చూపుకు పిలిచారు. పాప వచ్చింది. గుడ్డలో చుట్టిన నాయనను చూసింది. పక్కన కూర్చుని రెండు చేతులూ ఆయన మీద పెట్టి, మెత్తగా ఒత్తింది. ఆగింది. మొహంలోకి చూస్తూ, ఊరికే, ఎంతసేపో ఎదురుచూసింది. ఆ తర్వాత "నాయన, తూరి" అంది.

ఎవరో, పాపం దానికి తెలియదు, అవతలికి తీసుకుపోండి అన్నారు. ఎవరూ తాకొద్దు అన్నాను. తెలియకపోవడమేమిటి? అక్కడ కూర్చున్న మేమందరం లోపల అడుగుతున్నది అదే గదా. నోరు తెరిచి అడిగింది అది ఒక్కతే. అడగడం దానికి మేమిద్దరం కష్టపడి నేర్పింది. దొరకదని తెలిసినా అడిగే హక్కు దానికుంది. తనంతట తాను లేచేదాకా మసీదు నుంచి వచ్చిన మౌజన్‌ను, మోసేవాళ్ళను అందరినీ నిలబెట్టాను.

ఇప్పుడు అంగట్లో విల్లు లేదు, యంత్రం వచ్చి అదీ పోయి, ప్లాస్టిక్ సంచుల్లో చుట్టుకుని వచ్చే ఫోము పరుపులు వచ్చాయి. పిల్లల ఆటకు గది వచ్చింది, టైము వచ్చింది, ఇంగ్లీషు పేరు వచ్చింది. రావడం మంచిదే, నాకు కడుపుమంట లేదు. పోయినవి వేరే. బేరం వదిలేసి మోకాళ్ళమీద కూర్చునే మనుషులు పోయారు. మాటలు కూడా పోతున్నాయి. మా వీధి పిల్లలు వన్స్ మోర్ అంటారు, టీవీ చూసి మళ్ళీ అంటారు, ఇంగోతూరి అనే పిల్లను నేను విని ఏళ్ళయింది.

ఎదురింటి కోడలు ఆ ఫోను పక్కన పెట్టి అడిగింది, బడివాళ్ళు ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమన్నారు, ఏం చెయ్యమంటారు అత్తా అని. నీ నోటికి ఏ భాష వస్తే, నీకు ఏ భాషలో నవ్వొస్తే అందులో ఆడుకో, అడ్డం వచ్చినవాళ్ళను నా దగ్గరికి పంపు అన్నాను. మేమలా మాట్లాడుతుండగానే లోపల మా పాప పెట్టెలోంచి మా అమ్మ బొంత తీసి పరిచింది, మాసికల మీద మాసికలు వేసి కుట్టిన బొంత. ఆ పిల్లవాణ్ణి పడుకోబెట్టి చుట్టి, ఒత్తి, విప్పి, ఆపి, వాడి మొహంలోకి చూస్తూ కూర్చుంది. వాడు కాళ్ళు తన్నుకున్నాడు, బొంత అంచు లాగాడు, కళ్ళెత్తాడు. పాప వెంటనే "తూరి" అని మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది.

తూరి అంటే ఏంటత్తా అని అడిగింది ఆ విజయవాడ అమ్మాయి. చెప్పాను. సారి అనడానికి మా ఊరి మాటమ్మా అది, ఇప్పుడు ఈ వీధి మొత్తంలో దాన్ని నోటినిండా అనేది నా కూతురొక్కతే, మాట రాదని పంపించెయ్యమన్నది దీన్నే అన్నాను.